మూడో గొట్టం

డాక్టరమ్మ కారు వర్క్‌షాపు గేటు దాటక ముందే అతనికి ఆ చప్పుడు వినపడింది. రేకు డబ్బా మీద ఎవరో గోటితో కొడుతున్నట్టు టిక్ టిక్ టిక్‌మని, ఇంజను వేగం పెరిగితే తనూ తొందరపడుతూ, తగ్గితే తనూ నిదానిస్తూ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎగ్జాస్ట్ గొట్టాలతో బతుకుతున్నవాడికి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. గొట్టం ఎక్కడో చిట్లింది. చల్లగా ఉన్నంతసేపూ చీలికలోంచి పొగ తన్నుకొస్తూ చప్పుడు చేస్తుంది. వేడెక్కితే లోహం సాగి చీలిక మూసుకుంటుంది, చప్పుడు సద్దుమణుగుతుంది. డాక్టరమ్మ ఇల్లు పక్క వీధే కాబట్టి ఇంజను ఇంకా వేడెక్కలేదు. అతను చేతిలోని వెల్డింగ్ తీగ బల్లమీద పెట్టి, చేతులకి మురికేమీ లేకపోయినా గుడ్డ తీసుకుని తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఆ కారులోని హెడరు అతను చేసిందే. పోయిన ఏడాది పదకొండు రోజులు కూర్చుని చేశాడు. ఇంజను నాలుగు సిలిండర్లలోంచి నాలుగు స్టీలు గొట్టాలు బయల్దేరి, ఒకదాన్నొకటి రాసుకోకుండా వంపులు తిరిగి, నాలుగూ సరిగ్గా ఒకే పొడవు నడిచి, కింద కలెక్టరనే ఒకే నోట్లో కలుస్తాయి. పొడవుల్లో తేడా వస్తే ఇంజను గొంతు మారిపోతుంది. ఆ వీధిలో వెల్డర్లు ఇంకో నలుగురు ఉన్నారు కానీ అంత సన్నగా, మొదటినుంచి చివరిదాకా ఒకే వెడల్పుతో అతుకు వేసేవాడు అతనొక్కడే. వీధిలో అందరూ అతన్ని సన్నగీత అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడు అతనే చప్పున పలకడు.

కారు ఆగింది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, నేలని పట్టుకుని పాకుతున్నట్టుండే స్పోర్ట్స్ కారు. దిగిన మనిషి పొట్టిగా, పల్చగా ఉండే చెవుల డాక్టరు. ఆవిడ తన యాభయ్యో ఏట ఈ కారు కొనుక్కుంది. బంగారం కొనుక్కోమని ఇంట్లో అందరూ పోరితే, బంగారానికి గొంతుండదు కదా అందట. ఇంజను ఆపకుండానే బానెట్ తెరిచి, ఏదీ ముట్టుకోకుండా, తల కొంచెం పక్కకి వాల్చి నిలబడింది.

"మూడోది," అంది. "ముందునుంచి మూడో గొట్టం. నిన్న నాలుగోదేమో అనుకున్నాను. కాదు."

బావ టార్చిలైటు తెచ్చాడు. బావ అంటే అతని అక్క మొగుడు, వర్క్‌షాపు యజమాని. అక్కడ కొలతలూ బిగింపులూ బావవి, అతుకులు అతనివి. బావ ఇంజను మీదికి వంగి, గొట్టాల మధ్యకి వెలుగు పోనిచ్చి, నాలుక చప్పరించాడు.

"అవునండీ, అతుకు దగ్గర వదిలేసినట్టుంది. మా బావమరిది వెల్డింగే. చెయ్యి మంచిదే, కాదనను. ఈమధ్యే కొంచెం..."

మిగతాది నోటితో అనలేదు. అరచెయ్యి గాల్లో చాపి, పడవ ఊగినట్టు అటూ ఇటూ ఊపాడు.

అతను మూడడుగుల దూరంలో ఉన్నాడు. బావ చెయ్యి ఊపడం, డాక్టరమ్మ కళ్ళు ఆ చేతిమీంచి తనమీదికి రావడం, మర్యాదగా వెంటనే తప్పుకోవడం, అన్నీ చూశాడు. ఒక మాట అనాలి. ఏదో ఒకటి, పక్కకి జరగండి చూస్తాను అనైనా. దానికి బదులు గుడ్డ మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

ఎందుకంటే నాలుగు నెలల కిందట ఒక ఉదయం, కరుగుతున్న లోహపు చుక్క అంచు అతనికి రెండుగా కనిపించింది. కళ్ళు మూసి తెరిస్తే ఒకటైంది. మర్నాడు మళ్ళీ రెండు. తననెవరూ ఎరగని పేటకి పోయి, హెల్మెట్‌లో నల్లద్దం వెనక తగిలించుకునే భూతద్దం ముక్క కొనుక్కున్నాడు. అది పెట్టుకున్నాక గీత మళ్ళీ సన్నగానే పడుతోంది. అయినా ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని రోజూ సాయంత్రం హెల్మెట్‌ని సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్తున్నాడు. ఈ హెడరు చేసింది అంతకు చాలా ముందు. నిజమే. కానీ తనకి తెలిసింది నాలుగు నెలల కిందట, మొదలైంది ఎప్పుడో ఎవరికి తెలుసు? ఏడాది కిందటే మొదలై ఉంటే? అలా అనుకోగానే ఆ ఏడాదంతా వేసిన అతుకులన్నీ వరసగా గుర్తొచ్చాయి, ఒక్కోటీ ఎక్కడో ఒక కారు కింద చీకట్లో వణుకుతున్నట్టు.

అందుకని చీలిక చూడటానికి అతను వెళ్ళలేదు. టెస్టు రిపోర్టు చేతికొచ్చాక కవరు విప్పకుండా జేబులో పెట్టుకుని తిరిగే మనుషులు ఉంటారు. వాళ్ళని చూసి ఎన్నోసార్లు నవ్వుకున్నాడు.

బల్ల దగ్గర కూర్చున్నాక రెడీమేడ్ హెడరు కొనుక్కోమని బావ డాక్టరమ్మకి సలహా ఇచ్చాడు. కేటలాగు తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ మాత్రం దాన్ని సన్నగీత వైపు తిప్పి, మీరు చెప్పండి అంది. అతను చెప్పాడు. పోత ఇనుముతో చేసిన పొట్టి గొట్టాలవి ఒక రకం, అవి చిట్లవు, ఇట్టే పడతాయి, కానీ గొంతు నొక్కేస్తాయి. మామూలు ఉక్కు మీద తెల్లటి పూత పోసినవి రెండో రకం. రాయి తగిలి పూత లేచిందంటే అక్కడే తుప్పు మొదలు. మూడోది స్టెయిన్‌లెస్, పొడుగు గొట్టాలు, నాలుగూ సమానం. ఏది పెట్టినా పొగ శుభ్రంచేసే డబ్బా దాని తర్వాత యథాస్థానంలోనే ఉంటుంది, కాబట్టి బండి తనిఖీలో ఇబ్బంది ఉండదు. 

"నాకు బలం అక్కర్లేదండీ, గొంతు కావాలి," అంది ఆవిడ. "పెద్ద రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు కొన్ని కార్లు గుంయ్‌మని ఒకటే పోరు. నేను రోజంతా అలాంటి పోరు గురించి వినేదాన్నే. సాయంత్రం కూడా నావల్ల కాదు."

అయితే మూడోదే అన్నాడు అతను.

"మీరే ఇంకోటి చేస్తే?"

పదకొండు రోజులు పడుతుంది, అన్నాళ్ళు మీకు కారు లేకుండా కష్టం, పైగా ఫ్యాక్టరీలో మెషిన్లు అతికిస్తాయి, మనిషి చెయ్యిలా ఒకరోజు ఒకలా ఇంకోరోజు ఇంకోలా ఉండదు, అన్నాడు. చెబుతుంటే ప్రతి కారణమూ సబబుగానే వినపడింది. అదే అతన్ని భయపెట్టింది. ఇంత తేలిగ్గా తనని తాను పక్కకి తప్పించుకోవచ్చని ఇన్నేళ్ళూ తెలియలేదు.

*

అతని భార్య టైలరు. కిటికీ పక్కన మిషను, మిషను పక్కన కుర్చీ, ఆ కుర్చీ అతనిది. పదేళ్ళ కిందటే ఆమెకి చత్వారం వచ్చింది. అప్పట్నుంచీ సాయంత్రం అతను ఆ కుర్చీలో కూలబడగానే ఆమె తలెత్తకుండా సూదీ దారమూ ఇటు చాపేది, అతను ఒకే పోటుకి ఎక్కించి ఇచ్చేవాడు. ఈ నాలుగు నెలలుగా మాత్రం చేతులు జిడ్డుగా ఉన్నాయనో, స్నానం చేసొస్తాననో ఏదో ఒక వంక. ఆ సాయంత్రం ఆమె సూది చాపలేదు. అతను చూస్తే మిషను మీద గుడ్డ దిండుకి ఐదు సూదులు గుచ్చి ఉన్నాయి, ఐదింటికీ దారాలు వేలాడుతున్నాయి.

"ఎవరు ఎక్కించారు?"

"పక్కింటావిడ. వెళ్తూ వెళ్తూ ఐదేసి ఎక్కించి పోతోంది. మీరైతే ఒక్కటే ఎక్కించేవారు, అదీ బతిమాలించుకుని."

నవ్వాలన్నట్టే అంది. అతను నవ్వాడు. కాసేపటికి తనకి తెలియకుండానే అరచెయ్యి చాపి అటూ ఇటూ ఊపుతున్నాడు.

"ఏమిటది, ఎవరికి టాటా?"

బావ ఏమన్నాడో చెప్పాడు. ఆమె మిషను మీద గుడ్డ తిప్పి పెట్టుకుంటూ, అన్నాడా, ఊపాడా అని అడిగింది. ఊపాడు. మరి మీరేమన్నారు? ఏమంటాను. చీలిక ఎక్కడుంది, అతుకు మీదా పక్కనా? బావ చూశాడు.

మిషను ఆగింది.

"మీ అతుకు మీరు చూసుకోకుండా ఆయన చూస్తే సరిపోయిందా? నేను కుట్టిన జాకెట్టు చంక దగ్గర పిగిలిందంటే ముందు నా చేతికివ్వమంటాను. గుడ్డ చిరిగిందో కుట్టు వదిలిందో నాకు తెలిసినట్టు ఇంకొకళ్ళకి తెలుస్తుందా?"

చూస్తాలే అన్నాడు. ఆమె ఒక్క క్షణం అతని కేసి చూసింది. ఆమెకి తెలుసు అని అతనికి అప్పుడు అర్థమైంది. నాలుగు నెలలుగా తెలుసు. ఆ వంకలన్నీ ఆమె ఒక్కోటీ తీసుకుని జాగ్రత్తగా మడిచి ఎక్కడో దాచిపెడుతోంది, అతనికి అవమానం కాకుండా. ఆ ఆలోచనకి ముందు సిగ్గేసింది, తర్వాత ఒంటరిగా అనిపించింది. ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరి తరఫునా నాటకం ఆడుతుంటే, తాను చేయగలిగింది కూర్చుని చూడటమే.

*

మర్నాడు డాక్టరమ్మ తన కారులోనే అతన్ని విడిభాగాల షాపుకి తీసుకెళ్ళింది. మోకాళ్ళు గుండెలకి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. టిక్ టిక్ చప్పుడు కాళ్ళ ముందునుంచే వస్తోంది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు, అతుకు గురించి గానీ, బావ ఊపిన చెయ్యి గురించి గానీ. తన పని గురించి చెప్పింది.

"నా దగ్గరికి తమకి వినపడదని వచ్చేవాళ్ళు సగం మంది కూడా ఉండరు. ఇంట్లోవాళ్ళంతా గొణుగుతున్నారు, ఏదైనా మందుందా అని వస్తారు."

అతను పెద్దగా నవ్వాడు. నవ్వు అయిపోయాక ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. తను ఎవర్ని గొణుగుతున్నారంటున్నాడు? ఎవర్నీ అనట్లేదు. తనలోనే లోపముందేమోనన్న భయంతో అసలు చూడటమే మానేశాడు.

షాపాయన్ని అందరూ మైకు అంటారు. పక్కన నిలబడ్డవాళ్ళతో కూడా వీధి అవతలున్నట్టు మాట్లాడతాడు. రండి రండి అని ఆయన అరిచిన అరుపుకి డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఆయన అటు తిరగ్గానే సన్నగీతతో మెల్లగా, ఎడమ చెవి, కనీసం పదేళ్ళుగా, అంది.

మైకు మూడు రకాల హెడర్లు తెచ్చి కౌంటరు మీద పరిచాడు. ఆవిడ కేటలాగులో అంకెలు చూడలేదు. ఒక్కోదాన్ని గోటితో కొట్టి, చెవి దగ్గరికి తీసుకుని, మోత ఆగేదాకా విన్నది. పోత ఇనుముది పలకలేదు. పూత పోసింది దుప్పటి కప్పుకుని దగ్గినట్టు పలికింది. స్టెయిన్‌లెస్‌ది మాత్రం ఖంగుమని మోగి, సన్నగా చాలాసేపు నిలిచింది. ఆవిడ ముఖం విప్పారింది. దాన్ని అతని వైపు జరిపి, మీరూ చూడండి అంది.

అతను కళ్ళు చికిలించి చూశాడు. పైకి అతుకులు మిసమిసలాడుతున్నాయి, వాటిని మెరుగుపెట్టారు కాబట్టి. కంటితో ఇంతకు మించి తెలియదు. అలవాటు కొద్దీ చూపుడువేలు గొట్టం నోట్లో దూర్చి అతుకు వెనకవైపు తడిమాడు. వేలికి పలుకులు తగిలాయి. పంచదార ఒలికి గట్టిపడినట్టు గరగరగా, చుట్టూతా. స్టెయిన్‌లెస్ అతికించేటప్పుడు గొట్టం రెండు మూతులూ మూసి లోపల గ్యాస్ నింపాలి. లేకపోతే లోపలివైపు లోహం కాలి ఇలా పలుకులు తేలుతుంది. పొగ దారిలో అడ్డంపడుతుంది, ఏడాదికో రెండేళ్ళకో అక్కడే పగులుతుంది. పని తెలిసినవాళ్ళు ఒక్క వేలితో పట్టేసే తప్పు ఇది. ఇంకో గొట్టం కూడా తడిమాడు. అక్కడా అంతే.

వేలు ఇంకా గొట్టంలోనే ఉంది. ఇది బాగాలేదు అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో అతనికి తెలుసు. మరి మీరు చేస్తారా?

"బాగానే ఉందండీ," అన్నాడు.

డాక్టరమ్మ అతని ముఖం కేసి కాకుండా కొంచెం పక్కకి, గాల్లోకి చూసింది, ఇందాక గొట్టం మోత ఆగేదాకా చూసినట్టు. తర్వాత, సరే ఇదే ఇవ్వండి అంది. అట్టపెట్టెకి టేపు వేయించి, తను వచ్చేదాకా టేపు ఎవరూ కొయ్యొద్దని సన్నగీతకి రెండుసార్లు చెప్పి, కారూ పెట్టే వర్క్‌షాపులో వదిలి ఆస్పత్రికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను చూపుడువేలు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు. ఇన్నేళ్ళలో చెయ్యి జారిన రోజులున్నాయి, కొలత తప్పిన రోజులున్నాయి. చెడ్డదాన్ని ముట్టుకుని మంచిదని చెప్పిన రోజు ఇదొక్కటే. కళ్ళు పోతున్నాయని కదా భయపడ్డాడు. వేలు నిక్షేపంగా ఉంది. ఆ వేలు చెప్పింది కూడా దాచేశాడు.

*

పొద్దున అతను వెళ్ళేసరికి కారు లిఫ్టు మీద ఉంది. బావ చేతిలో పానా ఉంది.

"నువ్వు ఆ వ్యాను సైలెన్సరు సంగతి చూడరా. ఇది నేను విప్పేస్తాలే."

హెడరు విప్పేటప్పుడు ఇద్దరూ ఉండటం అలవాటు. ఒకరు కింద పట్టుకోవాలి, ఒకరు పైన విప్పాలి. అయినా అతను వ్యాను దగ్గరికి నడిచాడు. అంతలో ఎవరో బిల్లు కావాలంటూ కౌంటరు దగ్గర పిలిస్తే బావ పానా అక్కడే పెట్టి వెళ్ళాడు. అతను వెనక్కి తిరిగి కారు కిందికి వచ్చి నిలబడ్డాడు. చూడాలని రాలేదు. తన చేత్తో చేసిన వస్తువుని కాసేపట్లో తుక్కులో వేస్తారు, ఒకసారి ముట్టుకోవాలనిపించింది.

కళ్ళు పైకెత్తకుండానే చెయ్యి ఎత్తాడు. వేలు మూడో గొట్టం వెంట పైకి పాకింది. ఇంజనుకి బిగించే పలక తగిలింది. దాని అంచున అతని అతుకు. పరచిన నాణేల్లా ఒకదాని మీద ఒకటి ఒదిగిన అలలు. వేలు చుట్టూ తిరిగివచ్చింది. ఎక్కడా తెగలేదు. మళ్ళీ తిప్పాడు. చీలికేది? వేలు కిందికి జారి, వంపు మొదలయ్యే చోట చురుక్కుమంది. అతుక్కి బొటనవేలంత దూరంలో, ఉత్త గొట్టం మీద, అడ్డంగా, సన్నగా, పదునుగా.

గబగబా వెళ్ళి హెల్మెట్‌లోంచి భూతద్దం ముక్క లాక్కొచ్చాడు, ఎవరైనా చూస్తారన్న ధ్యాస లేకుండా. అద్దం పెట్టి చూశాడు. వేలు చెప్పిందే నిజం. అతుకు చెక్కుచెదరలేదు.

మంచి గొట్టం ఊరికే పగలదు. అతను కింద కలెక్టరుని రెండు చేతులా పట్టుకుని కదిపాడు. ఊగింది. ఊగకూడదు. ఆ బరువంతా గొట్టాల మెడల మీద పడకుండా కలెక్టరు పక్కన ఒక పట్టీ పెట్టి, దాన్ని గేరుబాక్సుకి ఒక బోల్టుతో బిగించేలా చేశాడు తను. పట్టీ ఉంది. బోల్టు లేదు. పట్టీ కన్నంలో అద్దం పెట్టి చూశాడు. ఏడాది కిందట తను వేసిన వెండిరంగు పెయింటు కన్నం లోపలి అంచున అలాగే ఉంది, ఒక్క గీత పడకుండా. బోల్టు ఊడిపోలేదు. ఎప్పుడూ ఎక్కలేదు.

వర్క్‌షాపులో ఏ పని ముగిసినా ఒకటో రెండో బోల్టులు మిగులుతాయి. పాతవి, మార్చినవి, ఎక్కడివో తెలియనివి. బావ వాటిని పారెయ్యడు, పాలపొడి డబ్బాలో పడేస్తాడు. అతను ఆ డబ్బా తెచ్చి బల్లమీద బోర్లించాడు. రెండు చేతులతో పరుస్తూ పోయాడు. ఎక్కువసేపు పట్టలేదు. పొడుగు బోల్టు, దాని మెడలో ఇత్తడి తొడుగు. ఆ తొడుగు గేరుబాక్సు కన్నానికి సరిపోయేలా అతనే లేతు మీద తిప్పాడు. అలాంటిది ప్రపంచంలో ఇంకోటి ఉండదు.

ఆ రోజు గుర్తొచ్చింది. పదకొండో రోజు సాయంత్రం. పైన అన్నీ బిగించేశాక ట్రేలో ఒక బోల్టు మిగిలింది. అదేమిటి బావా అని తనే దూరంనుంచి అడిగాడు. పాత హెడరుదిలే అన్నాడు బావ, డబ్బాలో పడేస్తూ. డాక్టరమ్మ అప్పటికే తాళంచెవి చేతిలో పట్టుకుని సీట్లో కూర్చుంది. ముగ్గురికీ ఇంజను గొంతు వినాలనే ఆత్రం. రెండడుగులు వేసి చూసుంటే తెలిసేది. ఆ మాట నమ్మడానికి తనూ తొందరపడ్డాడు.

బావ తిరిగొచ్చాడు. బల్లమీద పరిచిన బోల్టులు చూశాడు, అతని చేతిలో ఉన్నదాన్ని చూశాడు. పక్కనున్న పాత టైరు మీద మెల్లగా కూర్చున్నాడు.

"నిన్న మధ్యాహ్నం చూశానురా," అన్నాడు. "కొలతలకని లిఫ్టెక్కించా. పట్టీ ఖాళీగా కనిపించింది."

అతను బోల్టుని వేళ్ళ మధ్య తిప్పాడు.

"నీకు చెబుదామనే అనుకున్నా. కొత్తది ఎలాగూ వచ్చింది కదా, పాతది విప్పి తుక్కులో పడేస్తే ఎవరికీ ఏమీ కాదు కదా అని ఇంకో బుద్ధి. పొద్దుట్నుంచీ ఆ రెండో బుద్ధే గెలుస్తోంది."

కోపం వస్తుందని అతను ఎదురుచూశాడు. రావడానికి అన్ని హక్కులూ ఉన్నాయి. వచ్చింది మాత్రం గాలి. మూడు రోజులుగా, కాదు నాలుగు నెలలుగా, ఎక్కడో సగంలో ఆగిపోయిన ఊపిరి పొడుగ్గా బయటికి వచ్చింది. అతను కూడా వచ్చి అదే టైరు మీద రెండో పక్కన కూర్చున్నాడు.

"బావా, నాకు దగ్గరివి కళ్ళకి ఆనట్లేదు."

"తెలుసు."

"ఎలా?"

"హెల్మెట్‌ని రోజూ ఇంటికి మోసుకెళ్ళే వెల్డర్ని నిన్ను తప్ప ఇంకెవర్నీ చూళ్ళేదురా నేను. మీ అక్కయితే నువ్వు అందులో ఏదో దొంగసొత్తు దాస్తున్నావంది."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే, మరి ఆవిడ ముందు అలా చెయ్యి ఊపావే అన్నాడు. బావ అరచేతులు తొడలకి రుద్దుకున్నాడు.

"నీ కళ్ళ సంగతి తెలుసు కాబట్టే. గొట్టం చిట్లిందనగానే మనసులో అది సిద్ధంగా ఉంది. ఆ వెలుగులో నాకు సరిగ్గా ఏం కనిపించింది గనక? చూడక ముందే అనేశాను."

అందులో ఎంత తప్పుందో ఇద్దరికీ తెలుసు. అదింకా అక్కడే ఉంది, వాళ్ళ కాళ్ళ దగ్గర, కొన్నాళ్ళు ఉంటుంది కూడా. అయినా నిన్న షాపులో గొట్టంలో వేలు పెట్టుకుని తను అన్న మాట గుర్తున్నవాడు దాన్ని పెద్దగా తన్నలేకపోయాడు. ఆ సంగతి కూడా బావకి చెప్పేశాడు. బావ చాలాసేపు తల ఊపి, ఇద్దరం కలిసి బాగానే వెలగబెట్టాం, అన్నాడు. లేచి, చొక్కా సర్దుకుని, డాక్టరమ్మకి తనే ఫోను చేశాడు.

ఆవిడ మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చింది. బావ ఆవిణ్ణి మొన్న నిలబడ్డ చోటే నిలబెట్టి, బోల్టు చేతిలో పెట్టి, మొత్తం చెప్పాడు. తప్పు బిగింపుది, బిగించింది నేను, మావాడి అతుకులో వెంట్రుకవాసి లోపం లేదు అన్నాడు. ఈసారి చేతులు కదపలేదు, రెండూ వెనక కట్టుకున్నాడు. తర్వాత సన్నగీత వంతు. అది ఇంకా కష్టమైంది.

"నిన్న ఆ హెడరు బాగానే ఉందని చెప్పాను. బాగాలేదండీ. లోపలంతా గరుకు. నాకు అక్కడే తెలిసింది."

"నాకూ తెలిసింది," అంది ఆవిడ. "గరుకని కాదు. ఏదో ఉందని. మీరు ఆ మాట అన్నప్పుడు మీ గొంతు మీది కాదు."

"మరి ఎందుకు తీసుకున్నారు?"

"నేను అక్కడ అడిగితే మళ్ళీ బాగానే ఉందనేవారు. అందుకే టేపు కొయ్యొద్దన్నాను. మూసిన పెట్టె వెనక్కి తీసుకుంటానని మైకుగారు అరిచి మరీ మాటిచ్చారు, వీధంతా సాక్ష్యం."

తర్వాత ఆవిడ లిఫ్టు కిందికి వెళ్ళి, పాత హెడరుని కింది కలెక్టరు దగ్గర గోటితో ఒకసారి కొట్టి విన్నది. ఇది బాగుచేస్తే నిలుస్తుందా అని అడిగింది. అతను గొట్టాలన్నీ మళ్ళీ ఒకసారి వేలితో, తర్వాత అద్దంతో చూశాడు. నిలుస్తుంది, వంపు ముక్క మార్చాలి, సాయంత్రానికి అవుతుంది అన్నాడు. చెప్పాక గమనించుకున్నాడు, కారణాలేవీ జతచెయ్యలేదని.

"అయితే నేను ఎంచుకున్నది ఇదే," అందావిడ.

పగిలిన వంపుని కోసి తీశాడు. అదే కొలతకి కొత్త వంపు కోసి, అంచులు ఆకురాయితో రాసి, వెలుగు దూరనంత దగ్గరగా కలిపాడు. గొట్టం మూతులకి టేపు వేసి లోపల గ్యాస్ నింపమంటే బావ గ్యాస్ పైపు పట్టుకుని కూర్చున్నాడు, ఆ పని ఎప్పుడూ చేయనివాడు. భూతద్దం ముక్కని అందరి ఎదుటా హెల్మెట్‌లో తగిలించి, అతను ముఖం మీదికి దించుకున్నాడు. నీలి వెలుగులో లోహం కరిగి చిన్న చుక్క అయింది. దాని అంచు ఒక్కటే. తీగ తాకించాడు, జరిపాడు, తాకించాడు. వెల్డింగ్ చేస్తున్నప్పుడు ఈ నాలుగు నెలలూ వీపు వెనక ఎవరున్నారా అని ఒక ధ్యాస వెంట ఉండేది. ఇప్పుడు వెనక బావ ఉన్నాడని తెలుసు, పక్కన డాక్టరమ్మ చెయ్యి అడ్డుపెట్టుకుని చూస్తోందని తెలుసు, ఉంటే ఉన్నారనిపించింది.

సాయంత్రం ఇంటికి సంచి లేకుండా వెళ్ళాడు. దారిలో కళ్ళద్దాల షాపులో ఆగి, అక్షరాల బోర్డు చదివి, తయారుగా ఉన్నవాటిలో సరిపోయిన జత తీసుకున్నాడు. గుమ్మంలోనే అవి పెట్టుకుని నిలబడ్డాడు. భార్య మిషను ఆపి తేరిపార చూసింది. ముక్కుకి కొంచెం పెద్దవయ్యాయంది. తర్వాత గుడ్డ దిండు మీది సూదుల్లోంచి ఒకదాన్ని తీసి, దానికున్న దారం లాగేసి, ఖాళీ సూదిని అతని వైపు చాపింది.

*

చప్పుడు తేలేది ఇంజను చల్లగా ఉన్నప్పుడే కాబట్టి డాక్టరమ్మ మర్నాడు పొద్దున్నే రావలసి వచ్చింది. పట్టీ బోల్టు మాత్రం అప్పటిదాకా బిగించకుండా ఉంచాడు బావ. కారు కింద నిలబడి బోల్టు అతనికి చాపాడు.

"నువ్వే బిగించరా."

"బిగింపులు నీవి. నువ్వు బిగించు, నేను చూస్తాను."

బావ బోల్టు ఎక్కించి, పానాతో తిప్పి, ఆఖరి తిప్పు దగ్గర పళ్ళు బిగబట్టి లాగాడు. సన్నగీత జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ఇత్తడి తొడుగు కన్నంలో సరిగ్గా కూర్చుందో లేదో వంగి చూశాడు. కలెక్టరుని రెండు చేతులా పట్టుకుని కదిపాడు. కదల్లేదు.

కారు కిందికి దిగింది. డాక్టరమ్మ తాళంచెవి బావకిచ్చి, తను బానెట్ దగ్గర నిలబడింది. ఇంజను గొంతు సవరించుకుని మేలుకుంది. ఆవిడ తల పక్కకి వాల్చి కళ్ళు మూసుకుంది. అతను ఆవిడ ముఖం చూస్తూ నిలబడ్డాడు, తనకి వినపడుతున్నది నమ్మాలంటే ఆ ముఖం కూడా కావాలన్నట్టు. బావ వేగం పెంచాడు, తగ్గించాడు, మళ్ళీ పెంచాడు. టిక్కుమన్న చప్పుడు లేదు. చాలాసేపటికి, ఇక ఆగలేక, బావ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"మూడోది ఎలా ఉందండీ?"

ఆవిడ కళ్ళు తెరవలేదు. ఇంకొంచెంసేపు విన్నది.

"ఏమో," అంది. "ఏది మూడోదో ఇప్పుడు నాకు తెలియట్లేదు."